మా అక్క పెంచిన ఊసరవెల్లి పిల్లలు

క్రిందటి నెలలో మా మేనకోడలు ఫ్రీమాంట్‌లో ఇల్లు కొనుక్కుని గృహప్రవేశం నాడు సత్యనారాయణ వ్రతం చేసుకుంది. వ్రతం అయ్యాక అందరూ పేపరు ప్లేట్లలో పులిహోర పెట్టుకుని హాల్లో కింద కూర్చున్నప్పుడు, మా కాలం నుంచీ ఇక్కడే ఉన్న ఒక పెద్దావిడ, మా అక్కకి అప్పట్లో బాగా దగ్గరైనావిడే, పిల్లలందర్నీ చుట్టూ చేర్చుకుని ఒక కథ ఎత్తుకుంది. పూర్వం ఈ ఇంటి అమ్మాయి వాళ్ళమ్మకి ఒక బిడ్డ కడుపులోనే పోతే, ఆ దిగులుతో మతి కాస్త చలించి, ఊసరవెల్లి పిల్లల్ని తెచ్చుకుని కన్నబిడ్డల్లా సాకిందనీ, ఇల్లంతా ఈగలూ పురుగులూ చేసిందనీ, అందరూ నచ్చజెప్పి వ్రతం చేయిస్తే ఆ రోజే తనే వాటిని కారులో పెట్టి మర్చిపోయిందనీ, ఆ పీడ అలా విరగడై ఏడాది తిరక్కుండా ఈ అమ్మాయి పుట్టిందనీ ఆ కథ. పిల్లలు "యక్, గ్రోస్!" అని మొహాలు చిట్లించి నవ్వారు. మా మేనకోడలు కూడా నవ్వుతూ, "అమ్మ నిజంగా వాటితో మాట్లాడేదా ఆంటీ?" అని అడిగింది. ఆ కథ విన్నప్పుడల్లా నవ్వే అలవాటు కొద్దీ నేనూ నవ్వాను.

మా అక్క పోయి రెండేళ్ళయింది. ఆ కథలో ఏది నిజమో ఏది కాదో తెలిసినవాళ్ళం ఇప్పుడు నేనూ మా బావా మిగిలాం. బావకి ఈమధ్య పొద్దున తిన్నదే సాయంత్రానికి గుర్తుండటం లేదు. కాబట్టి ఇది నేను రాయవలసిన సంగతే. ఎప్పుడో రాయవలసింది.

డెబ్భైల చివర్లో నాకు చదువు పూర్తయి సన్నీవేల్‌లో ఉద్యోగం దొరికితే, తిన్నగా వెళ్ళి అక్కావాళ్ళింట్లో దిగాను. ఆ రోజులు చూసినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది, అప్పటికి ఆ ఊళ్ళో పళ్ళతోటలు పూర్తిగా పోలేదు, ఒక పక్క కంప్యూటరు చిప్పుల కంపెనీల కొత్త భవనాలు లేస్తుంటే రోడ్డుకి ఇవతల ఇంకా చెర్రీ చెట్లు పూసేవి, కందిపప్పు కావాలంటే బర్క్‌లీ దాకా కారు వేసుకుని వెళ్ళేవాళ్ళం, ఎక్కడైనా బజార్లో బొట్టు పెట్టుకున్న ఆడమనిషి కనబడితే తెలుగువాళ్ళేమోనని బండి ఆపి పలకరించేవాళ్ళం. అక్కావాళ్ళది అద్దె ఇల్లు, వెనక చిన్న పెరడు. బావ ఇంజనీరు, చెడ్డవాడు కాడు, కానీ ఆఫీసు నుంచి వచ్చాక మాట్లాడటానికి ఓపిక మిగలని మనిషి.

అక్క జంతుశాస్త్రంలో ఫస్టు క్లాసులో పాసై, పెళ్ళికి ముందు గుంటూరులో ఆడపిల్లల కాలేజీలో డెమాన్‌స్ట్రేటర్‌గా పనిచేసింది. కప్పల్నీ బొద్దింకల్నీ కోసి చూపించడం కన్నా బతికున్నవాటిని గమనించడం మీదే తనకి ఇష్టమని, అక్కడ లాబులో కంపలో పట్టుకొచ్చిన ఒక ఊసరవెల్లిని చాలాకాలం బతికించానని చెప్పేది. ఇక్కడికి వచ్చాక ఎన్నిచోట్ల అర్జీలు పెట్టినా ఇండియా డిగ్రీ ఎవరికీ అక్కర్లేకపోయింది. నేను వచ్చే ముందు ఏడు ఆమెకి ఏడో నెలలో బిడ్డ పోయింది. ఆ దిగులు అక్కకి లేదని నేననను. ఉంది, నేను చూశాను. కానీ ఊసరవెల్లులకీ ఆ దిగులుకీ ముడి పెట్టింది మేమేగాని మా అక్క కాదు.

ఒక ఆదివారం ఎల్ కామినో రోడ్డు మీద కారు టైర్లు మార్పించుకోవడానికి వెళ్ళి, పని అయ్యేదాకా పొద్దుపోక, పక్కనే ఉన్న పెంపుడు జంతువుల దుకాణంలోకి ముగ్గురం వెళ్ళాం. అక్క ఒక గాజుపెట్టె ముందు ఆగిపోయింది. లోపల ఒక ఊసరవెల్లి, మన తుప్పల్లో కనిపించే రకం కాదు, ఆఫ్రికా నుంచి వచ్చిందట, ఒంటి రంగు మసిబట్టినట్టు ఉంది, కళ్ళు లోపలికి పోయాయి. పక్కనే నిండుగా నీళ్ళ గిన్నె ఉంది.

"దాహంతో చచ్చిపోతోందిరా ఇది," అంది అక్క నాతో.

"గిన్నెడు నీళ్ళున్నాయి కదే," అన్నాను.

"గిన్నెలో నీళ్ళు దీనికి నీళ్ళని తెలియదు. ఆకు మీద బొట్టు మెరవాలి, అప్పుడు నాలుక చాపుతుంది. పైగా కడుపుతో ఉంది, చూడు."

దుకాణం ఆవిడ తెల్లజుట్టు మనిషి, నోట్లో ఎప్పుడూ సిగరెట్టు. అక్క చెప్పింది విని, ఆమెని ఎగాదిగా చూసి, ఇది కూడా బతకదు, కావాలంటే తీసుకుపో అంది. ఈ జాతి గుడ్లు పెట్టదనీ తిన్నగా పిల్లల్నే కంటుందనీ, కానీ ఆ పిల్లలు నెల దాటి బతకడం తానెప్పుడూ చూడలేదనీ ఆవిడే చెప్పింది.

వసంతం మొదట్లో అది పిల్లల్ని పెట్టింది. ఆ ఉదయం నేను ఆఫీసుకి ఆలస్యంగా వెళ్ళాను, చూడకుండా కదలలేకపోయాను. కొమ్మ మీద నెమ్మదిగా నడుస్తూ నడుస్తూనే ఒక్కో పిల్లని జిగురుపొరలో చుట్టి వదిలేది, అది ఆకు మీద పడి కాసేపు చలనం లేకుండా ఉండి, పొర చించుకుని, అగ్గిపుల్లంత ఒంటితో, అప్పుడే వెయ్యేళ్ళ ముసలిదానిలా కళ్ళు రెండూ రెండు దిక్కులకి తిప్పుతూ కొమ్మ పట్టుకుని ఎక్కిపోయేది. పద్దెనిమిది పుట్టాయి. తల్లి వారం తిరక్కుండా పోయింది. అక్క వెళ్ళి దుకాణం ఆవిడకి ఆ సంగతి చెబితే, పిల్లల్ని మూడు నెలలు బతికించి తీసుకురా, మా వెనక గది నీ చేతికిస్తాను, జీతానికి కుదురుదువుగాని, ఈ జాతులన్నీ నువ్వే చూసుకో అందట.

ఆ రాత్రి అన్నాల దగ్గర అక్క ఆ మాట చెప్పినప్పుడు ఆమె మొహం నాకింకా గుర్తుంది. బావ మజ్జిగ కలుపుకుంటూ, "బల్లుల కొట్లో ఉద్యోగమా?" అని నవ్వాడు. "ఊసరవెల్లులండీ," అంది అక్క, ఏదో ముఖ్యమైన తప్పు దిద్దుతున్నట్టు. కథ చెప్పేవాళ్ళు వదిలేసే భాగం ఇదే. ఆ పిల్లల్ని అక్క కన్నబిడ్డల్లా సాకలేదు. వాటికి పేర్లు పెట్టలేదు, ముద్దు చేయలేదు, చేత్తో ముట్టుకుంటే బెదురుతాయని వీలైనంతవరకు ముట్టుకునేది కూడా కాదు. లాబులో మనిషి పని చేసినట్టు చేసింది.

వాటి తిండే పెద్ద సమస్య. అంత చిన్న నోట్లో పట్టే పురుగు కావాలి, అదీ కదులుతుండాలి, కదలనిదాన్ని అవి తిండిగా చూడవు. అక్క మాగిపోయిన అరటిపళ్ళు సీసాల్లో వేసి, మీద గుడ్డ కట్టి, పళ్ళ మీద ముసిరే చిన్న ఈగల్ని పెంచింది. పెరట్లో చిక్కుడు పాదులు పెట్టి, లోకమంతా ఏ పేనుబంకని చూసి తిట్టుకుంటుందో ఆ పేనుబంక పట్టాలని ఎదురుచూసింది, పట్టిన తీగలు తుంచి పంజరాల్లో పెట్టింది. దుకాణం నుంచి గింజంత కీచురాళ్ళు తెచ్చింది. ఎముక మెత్తబడి కాళ్ళు వంకర్లు పోకుండా సున్నపు సత్తువ, అంటే కాల్షియం, కావాలని, తను కడుపుతో ఉన్నప్పుడు డాక్టరిచ్చిన మాత్రలు మిగిలితే అవి నూరి ఈగల మీద చల్లింది. ఆ మాత్రల సంగతి తెలిసిన ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. అక్కకి అందులో కళ్ళనీళ్ళ విషయమేమీ కనబడలేదు, ఇంట్లో ఉన్న వస్తువు పారెయ్యడం దేనికని వాడింది. గాజుపెట్టెలో తమ నీడ తామే చూసుకుని బెదిరి నల్లబడుతున్నాయని కనిపెట్టి, పాత కిటికీల దోమజాలీ కోసి పంజరాలు కట్టింది. ఇస్త్రీకి వాడే నీళ్ళసీసాతో పొద్దునా మధ్యాహ్నం ఆకులు తడిపేది. వీటిది చల్లటి కొండల దేశం, చలికి తట్టుకుంటాయిగాని వేడికి తట్టుకోలేవు అని నాతో ఎన్నోసార్లు అంది. ఈ మాట నేను విన్నానని ఇక్కడ స్పష్టంగా రాస్తున్నాను.

శనాదివారాల్లో భోజనాలకి వచ్చే నాలుగైదు తెలుగు కుటుంబాలవాళ్ళకి ఇదొక వినోదమైంది. సీసాల్లోంచి తప్పించుకున్న ఈగలు పప్పు మీదా పెరుగు మీదా వాలుతుంటే విసురుకుంటూ నవ్వేవాళ్ళు. ఒకాయన ఒకసారి, "తొండ ముదిరితే ఊసరవెల్లి అవుతుందంటారు కదమ్మా, మరి ఊసరవెల్లి ముదిరితే ఏమవుతుందో?" అన్నాడు. అక్క వడ్డన ఆపకుండానే, "మేనేజరవుతుంది అన్నయ్యగారూ, మీకు ఈ ఏడే కదా ప్రమోషనొచ్చింది," అంది. అందరూ ఘొల్లున నవ్వారు, ఆయన కూడా. కానీ ఆడవాళ్ళు వంటింట్లో చేరి గొంతు తగ్గించి మాట్లాడుకునేవాళ్ళు. ఇంట్లో ఊసరవెల్లి తిరిగితే సంతానం నిలవదని ఒకరన్నారు. పోయిన బిడ్డ మీద మనసు వీటి మీదకి మళ్ళిందని ఇంకొకరన్నారు. ఒకావిడ నన్ను విడిగా పిలిచి, "తమ్ముడివి, నువ్వయినా చెప్పవయ్యా," అంది. నాకా మాట నిజమేననిపించింది. ఇరవై నాలుగేళ్ళవాడికి అక్క దుఃఖం అర్థమవుతుందిగాని అక్క ఉద్యోగం అర్థం కాదు.

అందరూ కలిసి వేసవిలో వ్రతం పెట్టించారు. అక్క కాదనలేదు, పీటల మీద కూర్చుంటానంది. అయితే ఇంటినిండా జనం, వంటల వేడి, పిల్లలు పంజరాల్లో పుల్లలు పెట్టి పొడుస్తారు, కాబట్టి ఆ పూటకి వాటిని పక్కింటి అమెరికా ముసలావిడ ఇంటి వెనక, ఉత్తరపు నీడలో ఉన్న పోర్చిలో పెట్టడానికి ముందే మాట్లాడి ఉంచింది. అప్పటికి పదకొండు పిల్లలు మిగిలాయి, ఆకుపచ్చకి తిరుగుతున్నాయి, దుకాణం ఆవిడ పెట్టిన గడువుకి ఇంకో రెండు వారాలుంది. పీటల మీద కూర్చునే ముందు అక్క నన్ను పిలిచి, "నువ్వే తీసుకెళ్ళి పెట్టి రా, ఇంకెవరికీ అప్పజెప్పకు," అంది.

ఆ వ్రతానికి లాస్ ఏంజెలెస్ నుంచి ఒక కుటుంబం వస్తోంది. పైకి వ్రతానికే, అసలు నన్ను చూసుకోవడానికి. నేను పంజరాలు రెండూ తుండుగుడ్డ కప్పి పట్టుకుని వాకిట్లోకి వచ్చేసరికి వాళ్ళ కారు వచ్చి ఆగింది. అమ్మాయి తండ్రి నుదుట నామంతో దిగుతున్నాడు. అల్లుడు కాబోయేవాడు ఊసరవెల్లులు మోసుకొస్తూ ఎదురుపడటం నాకు చచ్చేంత నామోషీ అయింది. పక్కనే నా కారుంది, చెట్టు నీడలో ఉంది. వెనక తలుపు తీసి పంజరాలు సీట్లో పెట్టి, తలుపు వేసి, తిరిగి నమస్కారం పెట్టాను. రెండు నిమిషాల్లో వచ్చి తీసుకెళదామనే అనుకున్నాను. ఆయన నా భుజం మీద చెయ్యి వేసి, "రండి నాయనా, సంకల్పం వేళకి ఉండాలి," అంటూ నన్ను లోపలికి నడిపించుకెళ్ళి తన పక్కనే కూర్చోబెట్టుకున్నాడు.

పూజ చేయించే ఆయన వారమంతా చిప్పుల కంపెనీలో పనిచేసి శనాదివారాలు పౌరోహిత్యం చేసేవాడు. కథ నెమ్మదిగా చదువుతున్నాడు. మూడో అధ్యాయం నడుస్తుండగా కిటికీలోంచి చూస్తే చెట్టు నీడ నా కారు మీద లేదు, పక్కకి జరిగిపోయింది, అద్దాలు తెల్లగా మెరుస్తున్నాయి. తాళంచెవి నా జేబులోనే ఉంది. లేచి వెళ్ళాలంటే గుమ్మం దాకా నాలుగు అడుగులు. కానీ కథ మధ్యలో లేవకూడదు కదా, ప్రసాదం తీసుకోకుండా కదిలితే ఏమవుతుందో సాక్షాత్తూ ఆ కథలోనే చదువుతున్నారు కదా, పక్కన ఆ పెద్దమనిషి కళ్ళు మూసుకుని చేతులు జోడించుకుని ఉన్నాడు కదా. మనలో ఎవరైనా అంతే కూర్చుంటారని నాకు నేను చాలా ఏళ్ళు చెప్పుకున్నాను. నిజానికి నేను స్వామికి భయపడలేదు. ఆయనకి భయపడ్డాను.

అప్పుడే అక్క పీట మీద నుంచి నా వైపు చూసింది. కనుబొమలు ఎత్తింది, పెట్టావా అని. నేను తలూపాను. ఆమె నిశ్చింతగా మళ్ళీ కలశం వైపు తిరిగింది.

ఐదో అధ్యాయం, కొబ్బరికాయ, హారతి, తీర్థం, ప్రసాదం, అన్నీ అయ్యాకే లేచాను. కారు తలుపు తీస్తే లోపల్నుంచి వేడి మొహాన కొట్టింది. తుండు ఎత్తి చూస్తే పిల్లలన్నీ రంగు పోయి, కాగితంలా తెల్లబడి, నోళ్ళు తెరుచుకుని కొమ్మలకి అలాగే అతుక్కుని ఉన్నాయి. వెనకనే అక్క వచ్చిందని నాకు తెలియదు. పట్టుచీరతో, నుదుటి మీద అక్షతలతో, ఆమె నన్ను పక్కకి తప్పించి పంజరాలు తీసుకుని ఇంటి నీడలో కింద పెట్టి, నీళ్ళసీసా తెచ్చి తడుపుతూ కూర్చుంది. రెండు పిల్లల్లో కాస్త కదలిక వచ్చింది. సాయంత్రానికి అదీ లేదు.

ఆడవాళ్ళు బయటికి వచ్చి మూగారు. ఎవరో, ఏమైందమ్మా, కారులో ఎవరు పెట్టారు అని అడిగారు. నేను నోరు తెరిచేలోగా అక్క, "నేనే పెట్టానండీ. మర్చిపోయాను," అంది. వాళ్ళు ఆమె వీపు నిమిరి, పోనీలే, అంతా మన మంచికే, స్వామే తప్పించాడు అన్నారు.

వారం తర్వాత అక్క ఒక్కతే దుకాణానికి వెళ్ళి చెప్పి వచ్చింది. ఇంకో తల్లి వస్తే నీకే ఇస్తాను, మళ్ళీ మొదలుపెడుదువుగాని అందట ఆవిడ. కానీ ఆ మరుసటి ఏడే ఆఫ్రికా నుంచి ఆ జాతిని పంపడం ఆగిపోయింది, దుకాణానికి ఇంకో తల్లి రాలేదు. ఈలోగా అక్కకి నెల తప్పింది, మేనకోడలు పుట్టింది, వ్రతం మహిమ అని కథ పుట్టింది. పిల్ల కాస్త పెద్దదయ్యాక అక్క ఒక ఎలక్ట్రానిక్స్ కంపెనీలో సర్క్యూట్ బోర్డులకి టంకం పెట్టే పనిలో చేరి, కళ్ళజోడు మందం పెరిగేదాకా ఆ పనే చేసి రిటైరైంది. లాస్ ఏంజెలెస్ సంబంధం నాకు కుదిరింది. మా ఆవిడ మంచి మనిషి, మా కాపురం చల్లగానే సాగింది, ఆ మాట అనుకున్నప్పుడల్లా ఆ కారు తలుపు గుర్తొస్తుంది, ఎవరితోనూ చెప్పలేదు.

నన్ను కాపాడటానికి అక్క నింద తన మీద వేసుకుందని నేను ముప్ఫై ఏళ్ళు అనుకున్నాను, ఆ అనుకోవడంలో ఒక హాయి కూడా ఉండేది. అక్క పోయే ముందు ఏడు ఒక రోజు, బావని కంటి డాక్టరు దగ్గరికి లోపలికి పంపి మేమిద్దరం బయట కూర్చున్నప్పుడు, ధైర్యం చేసి అడిగాను, ఆ రోజు నా పేరు ఎందుకు చెప్పలేదే అని.

"నీ కోసం అనుకున్నావా?" అంది అక్క.

"అవును."

"కాదురా. నువ్వు చేశావని చెబితే వాళ్ళు నిన్ను తిట్టరు. మెచ్చుకుంటారు. అక్క బాగు కోరి చేశాడు, తమ్ముడంటే అలా ఉండాలి అంటారు. ఆ మాట నేను నా చెవులతో వినలేను. అందుకని చెప్పలేదు." తలుపు వైపు చూసి, "అదిగో, మీ బావ వస్తున్నారు, చెయ్యి పట్టుకో, మెట్టు కనబడదు ఆయనకి," అంది.

నేను లేచి వెళ్ళి బావ చెయ్యి పట్టుకున్నాను. మా మధ్య ఆ ప్రస్తావన మళ్ళీ రాలేదు.

ఈ మధ్య ఇదంతా రాయాలని కూర్చున్నప్పటి నుంచీ మనసు మనసులో లేక, మొన్న మా ఇంటి దగ్గర మాల్‌లో ఉన్న పెద్ద పెంపుడు జంతువుల దుకాణంలోకి ఊరికే వెళ్ళాను. ఇప్పుడు ఊసరవెల్లులు ఎక్కడి నుంచో రానక్కర్లేదు, ఇక్కడే పుట్టించి ఇక్కడే పెంచి అమ్ముతున్నారు. జాలీ పంజరాలు రకరకాల కొలతల్లో పేర్చి ఉన్నాయి. ఎగరలేని చిన్న ఈగలు మూత పెట్టిన కప్పుల్లో దొరుకుతున్నాయి, వాటి మీద చల్లే సున్నపు పొడి డబ్బాల్లో దొరుకుతోంది, ఆకుల మీద గంటకోసారి తనంతట తనే తుంపర చల్లే యంత్రం కూడా ఉంది. కాలేజీ చదువుతూ అక్కడ పనిచేస్తున్నట్టున్న ఒక అమ్మాయి, నేను కొనేవాణ్ణనుకుని ఓపిగ్గా అన్నీ వివరించింది. గాజుపెట్టె వద్దు, గిన్నెలో నీళ్ళు తాగవు, చేత్తో ఎక్కువ ముట్టుకోకండి, అన్నిటికన్నా ముఖ్యం వేడి, వేడి తగిలితే తెల్లబడి నోరు తెరుస్తాయి, అప్పటికే ఆలస్యమైపోతుంది అంది. కొత్తగా చేరినవాళ్ళకి మొదటి రోజే ఇవన్నీ నేర్పిస్తారట. నేను తలూపుతూ విన్నాను. ఇప్పుడివి అందరికీ తెలిసిన సంగతులు. ఆ రోజుల్లో మా ఊళ్ళో ఇవి తెలిసిన మనిషి ఒక్కతే ఉండేది, ఆమెకి మతి చలించిందని మేమందరం కలిసి నిర్ణయించాం.